ఆ పిల్లవాణ్ని ఎందుకు చంపారు?

మొన్న రాత్రి టీవీలో 'టెర్మినేటర్: డార్క్ ఫేట్' మళ్లీ వేశారు. మొదటి అయిదు నిమిషాలు చూసి ఆపేశాను. ఆ అయిదు నిమిషాలు నాకు ఇప్పటికీ మింగుడుపడవు.

2019 నవంబరులో, అది విడుదలైన వారంలోనే, నాన్నను చిత్తూరు నుంచి తిరుపతికి తీసుకెళ్లి ఆ సినిమా చూపించాను. మోకాళ్ల నొప్పులతో ఆయన బస్సెక్కడం మానేసి అప్పటికి చాలా రోజులైంది. "ఆ తల్లి వేషం వేసినావిడే మళ్లీ నటించిందట నాన్నా" అనగానే లేచి చొక్కా మార్చుకున్నాడు. భవిష్యత్తులో యంత్రాలతో పోరాడబోయే పిల్లవాడు జాన్ కానర్, అతని తల్లి సారా. సారాగా లిండా హామిల్టన్‌ను అంతకుముందు మేము చూసింది 1991 నాటి రెండో భాగంలోనే. 2003, 2009, 2015లలో వచ్చిన మూడు సినిమాలను పక్కన పెట్టి, రెండో భాగం ఆగిన చోటి నుంచే ఈ కథ నడుస్తుందని ముందే చెప్పారు. దర్శకుడు టిమ్ మిల్లర్ అయినా, నిర్మాణంలోనూ కథలోనూ జేమ్స్ కామెరాన్ ఉన్నారు. ఇంకేం కావాలి అనుకున్నాను.

సినిమా మొదలైంది. 1998, గ్వాటెమాలా. సముద్రపు ఒడ్డున బల్లల దగ్గర తల్లీ కొడుకూ ఉన్నారు. రెండో భాగంలో చూసిన ముఖాలే, అదే వయసు. భవిష్యత్తు నుంచి పంపిన హంతక యంత్రం నడుచుకుంటూ వచ్చి పిల్లవాణ్ని కాల్చేసింది. నాన్న నా మోచేయి పట్టుకున్నాడు.

"ఏరా, ఆ పిల్లవాణ్నేనా?"

"అవును నాన్నా."

ఆ తర్వాత రెండు గంటలూ ఆయన నన్ను ఒక్క మాట కూడా అడగలేదు.

ఆ పిల్లవాడు మా ఇంటికి 1994 సంక్రాంతికి వచ్చాడు. కనుమ రాత్రి మా మేనమామ కలర్ టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చాడు. మూడు క్యాసెట్లలో రెండు తెలుగువి, మూడోది 'టెర్మినేటర్ 2: జడ్జిమెంట్ డే'. నాకు పదకొండేళ్లు. ఇంగ్లీషు ఇంట్లో ఎవరికీ రాదు. నాన్నకు గ్రీమ్స్‌పేటలో లేతు షాపు ఉండేది. చెరకు గానుగలకు గన్‌మెటల్ బుష్షులు, అంటే ఇరుసు చుట్టూ బిగించే లోహపు గొట్టాలు, తిప్పడం ఆయన ముఖ్యమైన పని. గానుగలు ఆడే రోజులు కావడంతో పండగ పూట కూడా షాపు తీశాడు. పొద్దుపోయాక వచ్చి, చేతులు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏ సినిమానూ చివరిదాకా చూసే అలవాటు ఆయనకు లేదు. దీన్ని మాత్రం చూశాడు.

చివరికి కథ ఉక్కు కర్మాగారంలోకి వెళ్తుంది. అక్కడ పిల్లవాణ్ని కాపాడే యంత్రం చెయ్యి పెద్ద పళ్లచక్రాల మధ్య ఇరుక్కుంటుంది. మా నాన్న ఎడమ చేతి చూపుడు వేలికి కొస లేదు. నేను పుట్టకముందు లేతు గేర్లలో పోయింది. తెర మీద ఆ చక్రాలు తిరుగుతుంటే ఆయన ఆ చేతిని మెల్లగా ఒళ్లోకి లాక్కోవడం చూశాను. అది యంత్రం చెయ్యే అయినా, ఆ ఇంట్లో ఆ రాత్రి అది మనిషి చెయ్యే.

కరిగిన ఉక్కు వచ్చినప్పుడు నాన్న ముందుకు జరిగాడు. పోత పోసే చోట ఏళ్ల తరబడి నిలబడిన మనిషి. "ఆ రంగు చూడరా, తెల్లబడే కొద్దీ వేడి ఎక్కువ" అన్నాడు. తరువాత అసలైన ఘట్టం. భవిష్యత్తులో వినాశనం రాకుండా ఉండాలంటే తన తలలోని చిప్పు కూడా కరిగిపోవాలి. అందుకని ఆ యంత్రం గొలుసు పట్టుకుని నిలబడి, మీటను తల్లి చేతికి ఇస్తుంది. పిల్లవాడు ఏడుస్తూ వద్దంటాడు. ఆమె మీట నొక్కుతుంది. గొలుసు నెమ్మదిగా దిగుతుంది. అంత నెమ్మదిగా దిగడమే భరించలేం. తనను తాను అంతం చేసుకునే వీలు తనకు లేదని ఆ యంత్రం అంటుందని, ఇంగ్లీషు వచ్చాక తెలిసింది. నాన్న ఆ రాత్రే చెప్పాడు: "యంత్రం తనంతట తాను ఆగదు. ఆపేవాడు వేరే ఉండాలి."

అంత చేసి కాపాడుకున్న పిల్లవాణ్ని మూడో నిమిషంలోనో నాలుగో నిమిషంలోనో చంపేశారు. కథలో ముఖ్యమైనవాళ్లు చావకూడదని నేననను. 1984లో వచ్చిన మొదటి భాగంలో సారాను కాపాడటానికి భవిష్యత్తు నుంచి వచ్చిన కైల్ రీస్ చనిపోతాడు, ఆ చావు మీదే తరువాతి కథ నిలబడింది. ఈ చావు మీద ఏం నిలబడింది? సారా మనసులో కసి, చంపిన యంత్రానికి ఆలస్యంగా పుట్టిన పశ్చాత్తాపం. మిగతాదంతా పాత కథే. మనుషులను అంతం చేయాలనుకునే కంప్యూటర్ వ్యవస్థ స్కైనెట్ పోయి, అలాంటిదే లీజియన్ వచ్చింది. జాన్ పోయి డాని అనే అమ్మాయి వచ్చింది. కాపాడేందుకు భవిష్యత్తు నుంచి ఒకరు, చంపేందుకు ఒకరు. కొత్త ప్రమాదం పుట్టించాలంటే పుట్టించవచ్చు. అందుకు పాత త్యాగాన్ని రద్దు చేయాల్సిన పనేముంది? ఒకసారి బిగించి కూర్చిన బుష్షును బలవంతంగా పీకితే లోపలి గోడకు గీతలు పడతాయి. తరువాత ఎంత బాగా తిప్పిన కొత్త బుష్షును పెట్టినా అందులో ఊగుతూనే ఉంటుంది. ఈ సినిమా మొదటి నుంచి చివరి వరకూ అలాగే ఊగింది.

పోరాటాల గురించి ఎక్కువ రాయను. విమానంలో, నీళ్లలో, ఆనకట్ట దగ్గర, చాలావరకు చీకట్లో. ఎవరు ఎక్కడున్నారో తెలియదు, దేనికీ బరువు లేదు. రెండో భాగంలో కంప్యూటర్ బొమ్మ కలిపి చూస్తే కొద్ది నిమిషాలే. పిల్లవాణ్ని చంపడానికి వచ్చిన ద్రవలోహ యంత్రం ఆసుపత్రి కాపలాదారుడి రూపాన్ని ఎత్తుకునే చోట కవల సోదరులను నిలబెట్టారు. ఇద్దరు సారాలు కనిపించే చోట లిండా హామిల్టన్ కవల సోదరి లెస్లీ నటించింది. కంటి ముందు నిజంగా మనిషి ఉన్నాడు కాబట్టే మాకు భయం వేసింది. ఇందులో రెవ్-9 అనే యంత్రం రెండుగా విడిపోయి రెండు వైపుల నుంచి మీద పడుతుంది. ఆలోచన మంచిదే. గాబ్రియేల్ లూనా నవ్వుతూ మాట్లాడే తీరు కూడా బాగుంది. అయినా ఆ యంత్రాన్ని చూసి ఒక్కసారి కూడా గుండె జారలేదు.

లిండా హామిల్టన్‌ను తప్పు పట్టలేను. అరవై దాటిన వయసులో ఆమె ముఖంలో ఉన్న అలసట, కోపం రెండూ నిజమైనవి. అలాంటి నటిని ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత పిలిచి, కొడుకు శవాన్ని చేతికిచ్చారు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది వేరే ఉంది. సినిమా మొదట్లో మెక్సికో నగరంలో కార్ల కర్మాగారం చూపిస్తారు. డాని, ఆమె సోదరుడు డియెగో అక్కడ పనివాళ్లు. ఒక ఉదయం పనికి వెళ్లేసరికి డియెగో నిలబడే చోట యంత్రపు చెయ్యి పని చేస్తూ ఉంటుంది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. పక్కన నాన్న కూడా కదిలాడు. మా షాపులో జరిగింది అదే. కంప్యూటర్‌తో నడిచే లేతులు వచ్చాక, నాన్న రోజంతా తిప్పే బుష్షులు అక్కడ గంటలో పూర్తయ్యేవి. ఆయన దగ్గర పదిహేనేళ్లు పని నేర్చినవాడే ఒకరోజు తల వంచుకుని వచ్చి, అలాంటి చోట చేరానని చెప్పాడు. 1984లో ఎక్కడో భవిష్యత్తులో ఉన్న భయం 2019 నాటికి మా వీధిలోకి వచ్చేసింది. దాని గురించి చెప్పడానికి ఈ కథల వరుసకు ఉన్నంత హక్కు మరి దేనికీ లేదు. ఆ వాకిట్లో నిలబడి కూడా లోపలికి వెళ్లలేదు. కాసేపటికే రెవ్-9 వస్తాడు, సుత్తులూ గోడలూ ఎగురుతాయి, రోడ్డు మీద తరుముకోవడం మొదలవుతుంది. ఆ పరుగులోనే డియెగో చనిపోతాడు.

నిర్మాతలకు ఈ సినిమా భారీ నష్టం తెచ్చింది. ఆ తర్వాత ఈ వరుసలో ఇంకో సినిమా రాలేదు. నాకు సంతోషం కలగలేదు. ఆ కర్మాగారంలో ఇంకో అరగంట ఉండి ఉంటే ఎలా ఉండేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

తిరుగు బస్సులో చంద్రగిరి దాటేవరకు నాన్న మాట్లాడలేదు. బయట చీకటి. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఆ అబ్బాయి పని ఏమైందిరా?" అన్నాడు.

"ఎవరిది నాన్నా?"

"ఆ కార్ల ఫ్యాక్టరీ అబ్బాయిది."

"చచ్చిపోయాడు కదా నాన్నా, బండిలో."

"అది చూశాను. దానికి ముందు, యంత్రాన్ని పెట్టి ఆ పిల్లవాణ్ని తీసేశారు కదా. దాని గురించి తర్వాత ఎవ్వరూ ఒక్క మాట కూడా అనలేదేం?"

ఏం చెప్పాలో నాకు తోచలేదు. పూతలపట్టులో బస్సు ఆగినప్పుడు మళ్లీ అదే అడిగాడు.