కాటా మీద మోల్

పదో తరగతిలో నన్ను ఏడిపించింది మోల్. ఒక మోల్ అంటే 6.022 × 10²³ కణాలు అని కంఠతా వచ్చు, అది ఎందుకో మాత్రం తెలీదు. క్వార్టర్లీలో సున్నపురాయి లెక్క వచ్చింది: 25 గ్రాములు కాలిస్తే ఎస్‌టీపీ (సున్నా డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ పీడనం) దగ్గర ఎన్ని లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది? అక్కడ ఒక మోల్ వాయువు 22.4 లీటర్లు అన్నది ఒక్కటే గుర్తుండి, 25ను నేరుగా 22.4తో గుణించి 560 లీటర్లు అని రాసేశాను. గుప్పెట్లో పట్టే రాయి నుంచి మూడు డ్రమ్ముల గ్యాస్! మార్కు ఒక్కటీ రాలేదు.

చిత్తూరు బజారు వీధిలో నాయనకు చిన్న హార్డ్‌వేర్ అంగడి ఉండేది. ఒక సాయంత్రం వడ్రంగి ఒకాయన వచ్చి "ఐదొందల స్క్రూలు ఇయ్యప్పా" అన్నాడు. నేను ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. "తెల్లారిపోతుంది, ఉండరా" అని నాయన వంద మాత్రం లెక్కపెట్టి కాటా మీద వేశాడు. 180 గ్రాములు. తర్వాత డబ్బాలోంచి 900 గ్రాములు తూచి పొట్లం కట్టేశాడు.

నాకు వెంటనే ఆ లెక్క గుర్తొచ్చింది. పరమాణువుల్ని ఎవరూ లెక్కపెట్టలేరు కాబట్టే తూస్తారు. నీళ్లు 18 గ్రాములు తూస్తే ఒక మోల్ అణువులు చేతికొచ్చినట్టే. ఉప్పయితే 58.5 గ్రాములు (ఉప్పులో ఉండేవి అణువులు కావు, అయాన్లు అని సారు తర్వాత సరిదిద్దారు).

ఆ రాత్రే మళ్లీ కూర్చున్నాను. సున్నపురాయిలో పరమాణు ద్రవ్యరాశులు కూడితే కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లకు 48, వెరసి ఒక మోల్‌కు 100 గ్రాములు. అందులో 56 పొడి సున్నం, 44 గాలిలో కలిసే వాయువు. అంటే 25 గ్రాములు పావు మోల్. 14 గ్రాముల సున్నం, 11 గ్రాముల వాయువు. 22.4లో పావు వంతు, 5.6 లీటర్లు. అంతే.

సమీకరణం తుల్యం చేయకుండా లెక్కలోకి దిగితే మాత్రం ఈ కాటా కూడా కాపాడదు. నీళ్లు తయారవ్వాలంటే రెండు మోల్స్ హైడ్రోజన్‌కు ఒక మోల్ ఆక్సిజన్ అన్న సంగతి మరిచి, ఆక్సిజన్‌కు 32 బదులు 16 వేసి ఇంకోసారి దెబ్బతిన్నాను.

ఇంటర్‌లో మొలారిటీ వచ్చింది, అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ కరిగున్నాయన్న లెక్క. 4 గ్రాముల కాస్టిక్ సోడా, అంటే 0.1 మోల్, 250 మిల్లీలీటర్ల ద్రావణంలో. నేను 250తోనే భాగించి 0.0004 అన్నాను. లీటర్లలోకి మార్చితే 0.4. అంగట్లో గ్రాములకూ కిలోలకూ ఎప్పుడూ తడబడని వాణ్ణి, కాగితం మీద ఆ వెయ్యిని మింగేశాను.