పాత బిల్లు ముందు పెట్టుకుని పాలసీ వెతికాను

ఉద్యోగం మానేస్తే జీతం ఆగిపోతుందని తెలుసు. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా అదే రోజు ఆగిపోతుందన్న సంగతి మాత్రం ఆఖరి వారంలో, సంతకం పెట్టాల్సిన కాగితాల మధ్య కనిపించింది. నాకు 47 ఏళ్లు. రోజూ ఒక బీపీ మాత్ర వేసుకుంటాను. సొంతంగా పాలసీ కొన్న అనుభవం బొత్తిగా లేదు.

మొదటి వారమంతా ప్రీమియం తక్కువగా ఉన్నవాటిని ఏరుతూ గడిపాను. నాలుగు పాలసీలు మిగిలాయి. నాలుగూ ఒకేలా కనిపించాయి, అట్ట మీద నవ్వుతున్న కుటుంబంతో సహా.

అప్పుడు గుర్తొచ్చింది, మూడేళ్ల కిందటి నా పిత్తాశయం ఆపరేషన్ బిల్లు. ఆఫీసు బీమా కట్టేసింది కాబట్టి అప్పట్లో దాన్ని చదవనే లేదు. బీరువాలోంచి తీసి, ఇదే బిల్లు మళ్లీ వస్తే నా జేబులోంచి ఎంత పోతుందని ఒక్కో పాలసీకి లెక్క వేయడం మొదలుపెట్టాను.

అన్నిటికన్నా చవకైన పాలసీలో ఆ బిల్లు మొత్తం డిడక్టబుల్ (బీమా సంస్థ కట్టడం మొదలుపెట్టేలోపు మనమే భరించాల్సిన మొత్తం) లోపలే ఉండిపోయింది. అంటే బీమా సంస్థ కట్టేది సున్నా. దాన్ని తప్పుపట్టలేను. చిన్న ఖర్చులు తామే భరించగలిగి, పెద్ద ఆపరేషన్లకే భయపడేవారికి అది బాగానే పనికొస్తుంది. నేను ఆ కోవలో లేను. రెండోదానిలో 20 శాతం కో-పే. ప్రతి బిల్లులోనూ ఐదో వంతు నాదే. బిల్లు పెరిగేకొద్దీ నా వాటా కూడా పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట ఆగుతుందేమోనని నిబంధనలన్నీ వెతికాను. ఆగదు.

మూడోది దాదాపు కొనేశాను. గది అద్దెకు పరిమితి ఉందని ముందే చూశాను గానీ, మించితే ఆ తేడా కట్టుకుంటే పోతుందనుకున్నాను. చిన్న అక్షరాల్లో ఉన్న విషయం వేరు. పరిమితికి రెట్టింపు అద్దె ఉన్న గదిలో చేరితే, గదితో ముడిపడిన సర్జన్ ఫీజు, థియేటర్ ఖర్చులు కూడా సగమే ఇస్తారు. నా పాత బిల్లులో గది అద్దె చిన్న మొత్తం, సర్జన్ ఫీజు పెద్ద మొత్తం. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను.

నాలుగోదానిలో ఈ చిక్కులు లేవు, ప్రీమియమే ఎక్కువ. ఏజెంటు వచ్చి ఫారం నింపుతూ, "బీపీ సంగతి రాయకండి సార్, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. ఆ గొడవ ఇప్పుడు రాకపోతే క్లెయిము రోజున వస్తుంది. అప్పుడు నేను మంచం మీద ఉంటాను, పడేది నా భార్య. మాత్ర పేరు, మోతాదు, ఎన్నేళ్లుగా వాడుతున్నానో అన్నీ రాయించాను. ఈసీజీ, రక్తపరీక్షలు అడిగారు. ప్రీమియం పెంచారు. బీపీకి సంబంధించిన చికిత్సలకు రెండేళ్లు ఆగాలన్నారు. ఉద్యోగంలో ఉండగానే ఇది కొనుక్కుని ఉంటే ఆ రెండేళ్లు ఈపాటికి గడిచిపోయేవి కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

తమకు ఒప్పందం ఉందని బీమా సంస్థ ఇచ్చిన ఆసుపత్రుల జాబితాను నమ్మకుండా, నేను వెళ్లే అవకాశమున్న మూడింటికి ఫోన్ చేశాను. ఒకదానిలో బీమా సంస్థతో ఒప్పందం ఎప్పుడో ముగిసిందట. మిగతా రెండు చాలనుకున్నాను.

పాలసీ చేతికొచ్చాక వెనక జతచేసిన ఫారం నకలు తిరగేశాను. బీపీ ఎదురుగా "లేదు" అని ఉంది. నేను రాయించినది కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎవరు మార్చారో తెలియదు. నచ్చకపోతే పాలసీని తిప్పి పంపే గడువు ఇంకా ఉంది. ఆ గడువు లోపలే దిద్దమని, లేదంటే రద్దు చేయమని రాతపూర్వకంగా అడిగాను. తొమ్మిది రోజులకు కొత్త కాపీ వచ్చింది. ఈసారి మాత్ర పేరులో అక్షరదోషం. దాన్నీ దిద్దించాను.