పెరుగన్నంతో పెరగని పిల్లి

మా ఇంట్లో మాంసం వండరు. న్యూజెర్సీలో స్థిరపడ్డాక కూడా ఆ నియమం మారలేదు. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టి, బడిలో తోటివారి పళ్లేల్లో ఏముందో రోజూ చూస్తున్నా, ఇంటి భోజనం మాత్రం పప్పు, కూర, చారు, పెరుగు అన్న వరుసలోనే నడుస్తోంది. అలాంటి ఇంటికి పిల్లలు పట్టుబట్టి, దిక్కులేని జంతువులను ఉంచే ఒక షెల్టర్ నుంచి పిల్లికూనను తెచ్చుకున్నారు. ఒంటిరంగు చూసి దానికి బెల్లం అని పేరు పెట్టారు. దాని తిండి దగ్గర మేము తేల్చుకోవలసి వచ్చిన సంగతులు మాలాంటి ఇళ్లలో పిల్లిని పెంచాలనుకునే తల్లిదండ్రులకు పనికివస్తాయని రాస్తున్నాను.

రాజమండ్రిలో ఉన్న మా అమ్మకు వీడియోలో కూనను చూపించగానే, "ఇన్ని పాలు పొయ్యి, కాస్త పెరుగన్నం కలిపి పెట్టవే, అదే పెరుగుతుంది" అంది. అది ఊరికే అన్న మాట కాదు. ఆమె చిన్నప్పటి ఇంట్లో పిల్లులు పెరుగన్నం తినే పెరిగాయని మేమందరం వింటూ వచ్చాం. అయితే పిల్లి పళ్లెంలో తిన్నదే ఇంట్లోవాళ్లకు కనిపించేది. గాదె వెనకా, గడ్డివాము పక్కనా రాత్రంతా అది ఏం తిన్నదో ఎవరూ కూర్చుని చూడలేదు. ఎలుకలు, బల్లులు, పిచ్చుకలు దాని అసలు భోజనం, పెరుగన్నం పైపైన పడే చిరుతిండి. అపార్ట్‌మెంట్ గుమ్మం దాటని పిల్లికి ఆ వేట లేదు కనుక, పళ్లెంలో మనం పెట్టినదే దానికి సర్వస్వం.

పిల్లి మాంసాహారి కావడం అలవాటు వల్ల కాదు, శరీర నిర్మాణం వల్ల. టారిన్ అనే పోషకాన్ని మనుషులు చాలావరకు సొంతంగా తయారుచేసుకోగలరు. పిల్లి అవసరమైనంత తయారుచేసుకోలేదు, పైగా అది మొక్కల్లో దాదాపుగా దొరకదు. టారిన్ లోపిస్తే పిల్లుల కంటిలోని రెటీనా దెబ్బతింటుందని 1975లో తేలింది. దాని లోపం వల్లనే గుండె కండరం బలహీనపడే జబ్బు వస్తున్నదనీ, టారిన్ ఇస్తే అది నయమవుతున్నదనీ 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన పరిశోధకులు ప్రకటించారు. ఆ పిల్లులు తిన్నది దుకాణాల్లో అమ్మిన ఆహారమే కావడంతో, తయారీదారులు ఆ తర్వాత టారిన్ మోతాదు పెంచారు. క్యారెట్‌లో ఉండే పదార్థం నుంచి విటమిన్ ఎ చేసుకునే శక్తి కూడా పిల్లికి లేదు. ఇంకో విచిత్రం, పిల్లి నాలుకకు తీపి తెలియదు; తీపిని గుర్తించే గ్రాహకానికి సంబంధించిన ఒక జన్యువు వాటిలో పనిచేయదని ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో చూపించారు. ఇది విన్నప్పటి నుంచి మా అబ్బాయికి తను పెట్టిన పేరు తలచుకుని నవ్వే నవ్వు.

పాల సంగతి అంతకంటే సులభంగా తేలిపోయింది. తల్లిపాలు మానిన తర్వాత చాలా పిల్లుల్లో పాలలోని లాక్టోజును అరిగించే ఎంజైము తగ్గిపోతుంది, కాబట్టి గిన్నెడు పాలు పోస్తే విరేచనాలు పట్టుకోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి విషయంలో మాత్రం రాజీ లేదు. అవి పచ్చివైనా, వండినవైనా, పొడిగా ఉన్నా పిల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. పోపులోనో పొడుల్లోనో వెల్లుల్లి పడని రోజు మన వంటింట్లో అరుదు కనుక, మన పళ్లెంలోంచి ముద్ద తీసి పెట్టడం అనే ముచ్చటను పిల్లలకు మొదటి రోజే మానిపించవలసి వచ్చింది.

అసలు చిక్కు వేరేచోట వచ్చింది. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి, నేను డబ్బా మూత తీస్తుండగా చూసి, "అమ్మా, బెల్లం కోసం నువ్వే చికెన్ డబ్బా తెరుస్తున్నావు కదా, మరి నేను బడిలో చికెన్ నగ్గెట్స్ తింటే తప్పేమిటి?" అని అడిగింది. పాపమని చెబితే ఆ పాపం పిల్లికి ఎందుకు అంటదని వెంటనే అడుగుతుంది. మన ఆచారమని చెబితే ఇక్కడ పుట్టిన పిల్లకు అది సమాధానమే కాదు. అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పాను: పిల్లికి వేరే దారి లేదు, మనకు ఉంది, ఆ దారి ఉన్నందువల్లనే మేము దాన్ని ఎంచుకున్నాం, పెద్దయ్యాక ఏం తినాలో నువ్వే తేల్చుకుందువు గాని. ఆమె పూర్తిగా ఒప్పుకున్నదని అనను. కానీ పిల్లిని కూడా శాకాహారిని చేయవచ్చు కదా అని మా బంధువుల్లో ఒకరు అన్నప్పుడు, అది మన ఇష్టం దానిమీద రుద్దడం అవుతుందని జవాబు చెప్పింది ఆమే. అటువంటి మేతలు ఇక్కడ అమ్ముతున్నారు, కృత్రిమ టారిన్ కూడా వాటిలో కలుపుతారు. అయినా ఎదిగే కూనమీద ఆ ప్రయోగం చేయడానికి నా మనసు ఒప్పుకోలేదు.

లేబుళ్లు చదవడంలో మాత్రం మా పిల్లలకు ఎవరూ కొత్తగా నేర్పనవసరం లేకపోయింది. మార్ష్‌మెల్లోలో జంతువుల ఎముకల్లోంచీ చర్మంలోంచీ తీసే జెలటిన్ ఉందా, చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ ఉందా, టోర్టియాలో పంది కొవ్వు కలిపారా అని అంగడిలో నిలబడి చిన్న అక్షరాలు వెతకడం ఇక్కడి శాకాహారుల పిల్లలకు అక్షరాలతో పాటే వస్తుంది. ఇప్పుడు అదే కన్నుతో, తారుమారుగా, పిల్లి ఆహారం మీది పదార్థాల జాబితాలో మాంసం పేరు ముందున్నదా లేదా అని వెతుకుతున్నారు. ముందువైపు బొమ్మలనూ, "సహజం", "ప్రీమియం" వంటి మాటలనూ పట్టించుకోనక్కరలేదు. వెనకవైపు చిన్న అక్షరాల్లో, అమెరికా పశుమేత నియంత్రణ అధికారుల సంఘం, అంటే ఆఫ్కో, ప్రమాణాల ప్రకారం ఆ ఆహారం "సంపూర్ణం, సమతులం" అనీ, అది పెరుగుదల దశకు గాని అన్ని వయసులకు గాని సరిపోతుందనీ రాసి ఉండాలి. ఆఫ్కో ఏ ఆహారాన్నీ స్వయంగా పరీక్షించి ముద్ర వేయదు, ప్రమాణాలు మాత్రమే నిర్దేశిస్తుంది. చూడముచ్చటగా ఉండే చిన్న ట్యూనా డబ్బాల్లో చాలావాటి మీద "అప్పుడప్పుడు మాత్రమే" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. అవి చిరుతిండి కిందికి వస్తాయి, భోజనం కిందికి రావు.

మా అమ్మాయి ఒక సందేహం పట్టుకుంది. గింజల్లా ఉండే పొడి ఆహారం సంచి మీద ప్రొటీన్ 36 శాతం, తడి డబ్బా మీద 10 శాతం అని ఉంటే, సంచి కొనడమే మేలు కదా అని. డబ్బాలో 78 శాతం నీళ్లే. మిగిలిన 22 భాగాల్లో 10 ప్రొటీన్ అంటే, నీళ్లు తీసేసి చూసే ఎండు లెక్కలో 45 శాతం. సంచిలో తేమ 10 శాతమే కనుక అక్కడ 40 శాతం. పెరిగే కూనలకు ఎండు లెక్కలో కనీసం 30 శాతం ఉండాలన్నది ఆఫ్కో ప్రమాణం, కాబట్టి రెండూ గట్టెక్కుతాయి. ఎడారి పిల్లుల సంతతి కావడం వల్ల ఇవి దాహానికి తగినంత నీళ్లు తాగవు, అందుకని తడి ఆహారం కూడా అలవాటు చేయడం మంచిదని మా పశువైద్యురాలు చెప్పారు.

చెప్పడం తేలికే, తినిపించడం తేలిక కాదు. షెల్టర్‌లో పొడి గింజలకు అలవాటుపడిన బెల్లం, తడి ఆహారంలోని గ్రేవీ అంతా నాకి, ముక్కలను ఎండిపోయేలా వదిలేసి, మట్టి కప్పుతున్నట్టు గిన్నె చుట్టూ నేలను కాలితో గీరేది. మా అబ్బాయి కంగారుపడి ఇంకో రుచి డబ్బా తెరవమనేవాడు, అది వదిలేస్తే మరొకటి. చందమామను చూపించి, కథ చెప్పి, గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ వాడికి ముద్దలు పెట్టిన తల్లిని నేనే కనుక వాడిని ఏమీ అనలేకపోయాను. అయితే పూటకో రుచి మారిస్తే, ఇంకా మంచిది వస్తుందని ఎదురుచూడడం పిల్లికి అలవాటవుతుంది.

అందువల్ల ఒక పద్ధతి పెట్టుకున్నాం. రోజుకు నాలుగు పూటలు, గిన్నె అరగంట ఉంచి తీసేయడం. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ఆహారానికి వాసన ఉండదు, పిల్లి తిండిని ముక్కుతోనే ఎంచుకుంటుంది. చెంచాడు వేడినీళ్లు కలిపి గోరువెచ్చగా చేస్తే సగం పేచీ అక్కడే తీరింది. దానికి తెలిసిన గింజలను నలిపి పైన చల్లి, వారం పది రోజుల్లో వాటిని క్రమంగా తగ్గించాం. గిన్నెను మలవిసర్జన పెట్టెకు దూరంగా జరిపాం. మిఠాయిల పాళ్ల కోసం కొన్న వంటింటి త్రాసు మీద వారానికోసారి గుడ్డ పరిచి తూచాం. బరువు పెరుగుతున్నంతకాలం ఒక పూట అలిగినా ఫరవాలేదు. కానీ కూన రోజంతా ఏమీ ముట్టకపోతే దాన్ని పేచీ అనుకుని ఊరుకోకూడదు, వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లాలి. షెల్టర్ల నుంచి వచ్చే కూనల్లో జలుబు మామూలే. ముక్కు మూసుకుపోతే వాసన తెలియక తిండి మానేస్తాయి.

పచ్చిమాంసం పెట్టమని కొందరు చెప్పారు. 2024 డిసెంబరులో ఆరెగాన్‌లో పచ్చిమాంసంతో చేసిన గడ్డకట్టిన ఆహారం తిని ఒక పిల్లి బర్డ్ ఫ్లూతో చనిపోయిన తర్వాత ఆ ఆలోచన పూర్తిగా మానుకున్నాం.

మా అమ్మ ఇక్కడికి వచ్చిన ఆరు నెలల్లో ఆమె అడిగింది ఒక్కటే, పిల్లి చెంచా వంటింటి సింకులోకి రాకూడదని. బట్టలుతికే గదిలో ఒక అర, విడిగా ఒక మూత తీసే పరికరం, ఒక చెంచా కేటాయించాం. పెరుగు విషయంలో ఆమె వెనక్కి తగ్గలేదు. చిరుతిళ్లన్నీ కలిసి రోజుకు కావలసిన కేలరీల్లో పదోవంతు మించకపోతే చాలునని వైద్యురాలు అనడంతో, మధ్యాహ్నం తన భోజనం చివర వేలికొసకు ఇంత పెరుగు అంటించి నాకించేది. ఒంటికి పడితేనే అన్న షరతు మీద ఒప్పుకున్నాం, పడింది. ఇక పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స అయ్యాక కేలరీల అవసరం తగ్గుతుంది కనుక కొలత తగ్గించాలి; ఏడాది నిండగానే పెద్ద పిల్లుల ఆహారానికి, ఇదే వరుసలో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. దానికి ఏ డబ్బా కొనాలో మా అమ్మాయి ఇప్పటినుంచే లెక్కలు వేస్తోంది.