బాబాయ్‌కి మూడు శాతం

మార్చి వచ్చిందంటే నాకు అన్నం సహించదు. బొబ్బిలి గ్రోత్ సెంటర్లో ఓ చిన్న యూనిట్లో అకౌంట్సూ నేనే హెచ్ఆరూ నేనే, ఇంక్రిమెంట్ల షీటు నా నెత్తినే. ఇన్నాళ్లూ మా ఓనరు గారు అందరికీ 8 శాతం అనేసి సంతకం పెట్టేసేవారు, గొడవుండేది కాదు గానీ బాగా చేసే కుర్రాళ్లు ఒక్కొక్కళ్లే పైడిభీమవరం ఫార్మా కంపెనీలకి చెక్కేసేవారు.

ఈసారి మెరిట్ మేట్రిక్స్ వేశాను, అంటే పని బాగా చేస్తూ గ్రేడులో జీతం తక్కువున్నోళ్లకి ఎక్కువ శాతం, పైకొచ్చేసినోళ్లకి తక్కువ శాతం చూపే పట్టిక. ఒకపక్క రేటింగు, ఇంకోపక్క కంపా రేషియో, అంటే మనిషి జీతాన్ని ఆ గ్రేడు మిడ్‌పాయింట్‌తో, అదే ఆ గ్రేడు జీతాల మధ్య అంకెతో, భాగిస్తే వచ్చేది. రేటింగులు అడక్కండి, మా సూపర్‌వైజరు అందరికీ 4 వేసేసి తన ఊరోళ్లకి 5 వేశాడు, మళ్లీ కూర్చోబెట్టి వేయించాను.

మా ఫిట్టర్లకి మిడ్‌పాయింట్ 24,000. ఓ కుర్రాడికి 18,000 వస్తోంది, 0.75 అన్నమాట. వాడికి పని నేర్పిన బాబాయ్‌కి 28,800, అంటే 1.2. ఇద్దరి రేటింగూ 4. పాత పద్ధతిలో అయితే కుర్రాడికి 1,440, బాబాయ్‌కి 2,304 పెరిగేవి, అదే పని చేస్తున్నా ఏటేటా తేడా పెరుగుతూనే పోద్ది. మేట్రిక్స్‌లో కుర్రాడికి 17 శాతం పడింది, బాబాయ్‌కి 3.

17 వేస్తే 21,060. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఈఎస్ఐకి, అదే ఉద్యోగుల వైద్య బీమాకి, జీతం లిమిట్ 21,000 కదా, అరవై రూపాయలకి ఏప్రిల్ నుంచి స్కీము బయటపడతాడు, కొన్నాళ్లకి వాళ్లమ్మ షుగరు మందులు కూడా జేబులోంచే కొనుక్కోవాలి. 16 చేశాను, 20,880. తమాషా ఏంటంటే ఇద్దరికీ పెరిగింది కలిపితే 3,744, పాత 8 శాతం లెక్కకి రూపాయి తేడా లేదు, ఓనరు గారికి ఆ ఒక్క ముక్కే నచ్చింది.

బాబాయ్‌కి ఏదీ నచ్చలేదు. షిఫ్ట్ దిగి సరాసరి నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

"ఏటి బాబూ, నా పనిలో లోపమేటి?"

లోపం లేదు బాబాయ్, ఈ గ్రేడులో నీ జీతం పైకొచ్చేసింది, పైడితల్లమ్మ పండక్కి కొంత ఒకేసారి చేతికిస్తారులే అన్నాను. అలా ఇచ్చింది బేసిక్‌లో కలవదని, గ్రాట్యుటీ లెక్కలోకి రాదని ఆయనకి నాకన్నా బాగా తెలుసు.

"అయితే ఆడికి పని నేర్పడం నా తప్పన్నమాట" అన్నాడు.

ఆయన వెళ్లాక షీట్లో ఇంకో కాలమ్ పెట్టాను, కొత్తవాళ్లకి పని నేర్పేవాళ్లకి నెలకి అలవెన్సు అని. అంకె ఖాళీగా వదిలి ఓనరు గారికి పంపాను. మూడ్రోజులైంది, ఇంకా ఫోను రాలేదు.