లేవనెత్తిన బిడ్డను ఎక్కడ కూర్చోబెడుతున్నాం?

"ఆయన ప్రధానులతో తన ప్రజల ప్రధానులతో వారిని కూర్చుండబెట్టుటకై నేలమీదనుండి దరిద్రులను లేవనెత్తువాడు, పెంటకుప్పమీదనుండి బీదలను పైకెత్తువాడు." (కీర్తన 113:7, 8)

దాస్యం నుండి విడుదలైన రాత్రిని తలచుకుంటూ యూదులు పస్కా పండుగలో ఈ కీర్తన పాడుకుంటారు. ఇందులో దేవుడు పేదవాడి చేతిలో ఏదో పెట్టి పంపేయడు. పైకి లేపి, పెద్దల పక్కనే కూర్చోబెడతాడు. అన్నం పెట్టడం, బట్టలు పంచడం సంఘాలకు బాగా అలవాటైన పనులే, అవీ కావాలి. కానీ పక్కన చోటివ్వడం కష్టం. పేద దేశాల్లోని క్రైస్తవ బడుల గురించి ఆలోచిస్తే నాకు ఈ వచనమే గుర్తొస్తుంది. ఆ చోటు చూపించగలిగేది ముఖ్యంగా బడే.

శామ్యూల్ అజయ్ క్రౌథర్ ఇప్పటి నైజీరియాలో ఒక యొరుబా కుటుంబంలో పుట్టాడు. 1821లో బానిసల వ్యాపారం చేసేవాళ్లు ఊరి మీద పడి పట్టుకుపోయారు. తల్లి ఒక దిక్కు, పిల్లవాడు ఒక దిక్కు అయ్యారు. ఎందరి చేతులో మారి చివరికి ఓడెక్కించబడ్డాడు. 1822లో బ్రిటిష్ నౌకాదళం ఆ ఓడను అడ్డగించి, అందులోని వాళ్లను సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో దింపింది. అక్కడి మిషన్ బడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. 1827లో ఫోరా బే కాలేజీ మొదలైనప్పుడు తొలి విద్యార్థుల్లో ఒకడయ్యాడు. తర్వాత తన తల్లి భాషకు వ్యాకరణం రాశాడు, ఆ భాషలోకి బైబిలు తేవడంలో ముందు నడిచాడు. 1846లో ఆ తల్లి మళ్లీ దొరికింది. 1864లో ఆంగ్లికన్ సంఘంలో తొలి ఆఫ్రికన్ బిషప్పు అయ్యాడు. అమ్ముడుపోయిన పిల్లవాడు!

కథ ఇక్కడితో ఆపేయాలనిపిస్తుంది. కానీ 1890 నాటికి కొత్తగా వచ్చిన యూరప్ మిషనరీలు ఆయన కింద పనిచేసే ఆఫ్రికన్ బోధకుల మీద నిందలు వేసి, ముసలితనంలో ఆయన అధికారాన్ని లాగేసుకున్నారు. ఆయన చనిపోయాక ఆ పదవి ఒక తెల్లవాడికి ఇచ్చారు. చదువు చెప్పిన సంఘమే, చదువుకున్నవాణ్ణి తనతో సమానంగా చూడలేకపోయింది. ఇది చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

దక్షిణాఫ్రికాలో ఇంకోలా జరిగింది. జోహానెస్‌బర్గ్‌లోని సెయింట్ పీటర్స్ అనే క్రైస్తవ బడిలో చదువుకున్న ఆలివర్ టాంబో (జాతివివక్ష పాలన మీద పోరాడిన నల్లజాతి నాయకుడు), తర్వాత అక్కడే లెక్కలు, సైన్స్ చెప్పాడు. 1953లో నల్లజాతి పిల్లల చదువును ప్రభుత్వం గుప్పిట్లో పెట్టుకునే చట్టం వచ్చింది. అది తెచ్చిన మంత్రి వెర్వోర్డ్, వాడుకోలేని లెక్కలు ఆ పిల్లలకెందుకని బాహాటంగానే అడిగాడు. ఆ చట్టం కింద పిల్లలకు తక్కువరకం చదువు చెప్పలేక, సెయింట్ పీటర్స్ 1956లో తలుపులు మూసేసింది. అది సరైన నిర్ణయమేనా అంటే నేను తేల్చి చెప్పలేను, పిల్లలు మాత్రం బడి పోగొట్టుకున్నారు. కానీ నల్లపిల్లవాడు లెక్కలు నేర్చుకుంటే రేపు ఎక్కడ కూర్చుంటాడో ఆ మంత్రికి బాగా తెలుసు. మనలో చాలామందికంటే బాగా తెలుసు.

ఇప్పటికీ పేదరికం బిడ్డను బడి నుండి లాగే తీరు మారలేదు. ఫీజు లేకపోయినా యూనిఫాం, పుస్తకాలు, పరీక్ష ఫీజు ఉంటాయి. బిడ్డ బడికి వెళ్తే ఇంటికి ఒక కూలి తగ్గుతుంది. ఇంట్లో చదువు వచ్చినవాళ్లు లేకపోతే హోంవర్క్ దగ్గరే పిల్లవాడు ఓడిపోతాడు, అది తెలివితక్కువతనం అని మనం అనుకుంటాం. ఆడపిల్ల అయితే పెద్దమనిషి కాగానే ప్రశ్న మొదలవుతుంది: ఇంకా ఎందుకు? ఆ బిడ్డ నిలబడితే ఇల్లంతా మారుతుంది. అప్పు కాగితంలో ఏముందో చదివి చెప్పే మనిషి ఇంట్లోనే ఉంటుంది. చదువుకున్న తల్లి పిల్లలు బతికే అవకాశం పెరుగుతుంది, పెళ్లి వయసు వెనక్కి జరుగుతుంది.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. క్రీస్తు పేరు పెట్టుకున్న బడులు చాలాచోట్ల డబ్బున్న ఇళ్ల పిల్లలకు మంచి ర్యాంకులు తెచ్చేవిగా మిగిలిపోయాయి. కట్టడాలు పెద్దవవుతాయి, ఫీజులూ పెరుగుతాయి, ఎవరికోసం ఆ బడి పుట్టిందో వాళ్లు గేటు బయట ఉంటారు. మరికొన్నిచోట్ల పేదలకు సీటిస్తారు, బదులుగా విశ్వాసం అడుగుతారు. కీర్తనలో దేవుడు అలాంటి షరతు పెట్టలేదు. దరిద్రుడు అన్నాడు, అంతే. యేసు కూడా చిన్నబిడ్డను తన పేరట చేర్చుకోమన్నాడు గానీ, ముందు వాళ్ల మతం ఏమిటో కనుక్కోమని చెప్పలేదు.

అందుకే సంఘాలు బడి లెక్కలు చూసుకునేటప్పుడు, ఎంతమంది పాసయ్యారన్నదానికంటే ముందు, మధ్యలో మానేసినవాళ్ల పేర్లు చదవాలని నా కోరిక. ఏ తరగతిలో మానేశారు, ఏ నెలలో, పరీక్ష ఫీజు కట్టలేకా, పెళ్లి కుదిరిందనా, పొలం పనులనా? హాజరుపట్టీలో వరసగా మూడు రోజులు ఖాళీ కనిపిస్తే ఆ ఇంటికి వెళ్లే టీచరు ఉండాలి. ఆ టీచరుకు నెలనెలా జీతం అందేలా చూసే సంఘం ఉండాలి.