తొట్లకొండ దగ్గర పంచరు

ఆదివారం తెల్లారగట్ల ఆర్కే బీచ్ నుంచి సైకిల్ మీద భీమిలి బయల్దేరాను. తొట్లకొండ దాటగానే వెనక చక్రంలో గాలి పోయింది. ఆ వేళకి పంచరు షాపు ఎక్కడ తెరిచుంటుంది! పోయినేడాది ఇలాగే రుషికొండ దాకా తోసుకుంటూ నడిచాను. అప్పట్నుంచి సీటు కింద సంచిలో స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే రెండు లివర్లు, చిన్న పంపు లేకుండా గడప దాటను.

ట్యూబు మార్చడం పెద్ద పనేం కాదు. టైరు లోపల వేలితో నెమ్మదిగా తడమడమే అసలు పని. గుచ్చుకున్నది తీయకపోతే కొత్త ట్యూబూ పోతుంది. నాకు గోరంత ఇనప తీగ ముక్క దొరికింది.

పంపు కొడుతుంటే వల మోసుకెళ్తున్న ఓ పెద్దాయన ఆగి సైకిల్ పట్టుకున్నారు. "ఎందాకా ఎల్తావు బాబూ?"

భీమిలి అన్నాను. పాత ట్యూబు మడిచి సంచిలో పెట్టుకున్నా, ఇంటికెళ్లి ప్యాచ్ వేయాలి.