పెద్దమ్మ అడిగిన బాప్తిస్మం

మా పెద్దమ్మ పదకొండేళ్లపాటు ప్రతి ఆదివారం గుడిలో చివరి వరుసలో కూర్చునేది. ప్రభువు బల్ల ఉన్న రోజున రొట్టె పళ్లెం, ద్రాక్షారసపు గిన్నె తన దాకా వచ్చినప్పుడు తల వంచుకుని వాటిని పక్కవారికి అందించేది. బాప్తిస్మం పొందనివారు బల్లలో పాలుపొందకూడదన్న సంఘ క్రమాన్ని ఆమె ఒక్కసారి కూడా మీరలేదు. పెదనాన్న ఒప్పుకున్న రోజున నీళ్లలో దిగుతానని చెబుతూ ఉండేది. తీరా ఆయన ఒప్పుకునే నాటికి ఆమె రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేశాయి. మెడ దగ్గర డయాలసిస్ గొట్టం అమర్చి, దానికి నీటి చుక్క కూడా తగలకూడదని వైద్యులు గట్టిగా చెప్పారు. అప్పుడు ఆమె మంచం మీదనే బాప్తిస్మం అడిగింది. మా సంఘ కాపరి ప్రేమగా ప్రార్థన చేశారు గాని, ముంచడం తప్ప చిలకరించడం మన విశ్వాసంలో లేదనీ, గొట్టం తీశాక చూద్దామనీ చెప్పి వెళ్లారు. పంతొమ్మిదో రోజున పెద్దమ్మ కన్నుమూసింది. సమాధుల తోటలో చోటివ్వడానికి పెద్దలు సాయంత్రం దాకా తర్జనభర్జన పడ్డారు. వారిలో ఒకరు, పెద్దమ్మ కూతురైన మా అక్కతో, "విశ్వాసం ఒక్కటే చాలదమ్మా, నీళ్లు కూడా ఉండాలి" అన్నారు.

ఆ మాట నిజమా కాదా అన్నది అప్పటినుంచి నన్ను వదలలేదు. నేను వేదపండితుణ్ణి కాను. అయితే మా ఇంటి దుఃఖం ఈ ప్రశ్నకు ముడిపడి ఉంది కాబట్టి, చదివినదీ ఆలోచించినదీ ఇక్కడ వ్రాస్తున్నాను.

నీళ్లు కావాలనే పక్షాన ఉన్న వాక్యాలు బలహీనమైనవి కావు. "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును" అని మార్కు సువార్త చివరి అధ్యాయంలో ఉంది. అత్యంత ప్రాచీనమైన వ్రాతప్రతులు కొన్నింటిలో ఈ భాగం లేదన్నది నిజమే గాని, అది చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే పేతురు తన మొదటి పత్రికలో బాప్తిస్మము "ఇప్పుడు మిమ్మును రక్షించుచున్నది" అని సూటిగానే వ్రాశాడు. అయితే ఆ మార్కు వాక్యంలోనే రెండో సగం, నమ్మనివానికి శిక్ష అంటుందే తప్ప బాప్తిస్మం పొందనివానికి శిక్ష అనదు. పేతురు కూడా వెంటనే అది శరీర మాలిన్యం తీసివేయడం కాదని, దేవుని ఎదుట నిర్మలమైన మనస్సాక్షికి సంబంధించినదని వివరిస్తాడు. పెంతెకొస్తు దినాన అదే పేతురు "పాపక్షమాపణ నిమిత్తము" బాప్తిస్మం పొందమన్నాడు. ఈ "నిమిత్తము" అనే మాట మన భాషలో రెండు వైపులా నడుస్తుంది. పెళ్లి నిమిత్తం ఊరికి వెళ్లామంటే అది జరగవలసిన దాని కోసం. అనారోగ్యం నిమిత్తం సెలవు పెట్టామంటే అది అప్పటికే ఉన్న దాన్నిబట్టి. గ్రీకు మూలంలోని చిన్న పదం గురించి కూడా పండితులు శతాబ్దాలుగా ఇదే విధంగా వాదించుకున్నారు. ఒక్క పదం మీద ఒకరి నిత్యత్వాన్ని తేల్చడానికి మాత్రం నాకు ధైర్యం చాలదు.

యేసు పక్కన సిలువ మీద చనిపోతూ, బాప్తిస్మం లేకుండానే పరదైసు వాగ్దానం పొందిన దొంగ సంగతి అందరూ చెప్పేదే. అతడు బాప్తిస్మం స్థాపించబడక ముందటి మనిషి అని దానికి చెప్పే జవాబు కూడా అందరికీ తెలిసినదే, అందులో కొంత న్యాయం ఉంది. నన్ను ఆపిన వాక్యాలు వేరే ఉన్నాయి. అవి రెండూ అపొస్తలుల కార్యాలలోనివే. గాజాకు పోయే ఎడారి మార్గంలో ఐతియొపీయుడైన నపుంసకుడు రథం మీద పోతూ నీళ్లు చూసి, "నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి" అని ఫిలిప్పును అడుగుతాడు. కైసరయలో కొర్నేలీ ఇంటివారి మీదికి, బాప్తిస్మానికి ముందే, పరిశుద్ధాత్మ దిగివచ్చినప్పుడు పేతురు చుట్టూ ఉన్నవారితో, వీరు బాప్తిస్మం పొందకుండా "ఎవడైనను నీళ్లకు ఆటంకము చేయగలడా" అంటాడు. రెండు చోట్లా అదే మాట, ఆటంకం. ఆత్మను పొందడానికి కొర్నేలీ ఇంటివారికి నీళ్లు లేకపోవడం అడ్డు రాలేదు. అయినా ఆత్మను పొందారు కదా, ఇక నీళ్లెందుకని పేతురు ఊరుకోలేదు. అతని దృష్టిలో బాప్తిస్మం అవసరమన్న భారం ముందుగా పడేది ఇవ్వవలసినవారి మీద. అడిగినవానికి నీళ్లు నిరాకరించే అధికారం నాకెక్కడిదని అతడు తనను తానే నిలదీసుకుంటున్నాడు.

మా ప్రాంతం ఈ వాదానికి పాఠశాల లాంటిది. ఒంగోలు బాప్టిస్టులు పెద్దవారినే, వారి సొంత ఒప్పుకోలు మీదనే, ముంచి బాప్తిస్మమిస్తారు; అది రక్షణకు గుర్తు, రక్షణకు మూలం కాదు అంటారు. గుంటూరు లూథరన్లు పసిబిడ్డలకే ఇస్తారు. వారి 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం బాప్తిస్మం రక్షణకు అవసరమనే చెబుతుంది, అయితే శిక్షకు కారణం బాప్తిస్మం లేకపోవడం కాదు, దాన్ని తృణీకరించడమని వారి బోధకులు వివరిస్తారు. క్రీస్తు సంఘం (చర్చ్ ఆఫ్ క్రైస్ట్) అనే శాఖవారికి ముంచడం పాపక్షమాపణ పొందే ఘడియ. బాపట్ల, స్టువర్టుపురం వైపు పనిచేసిన సాల్వేషన్ ఆర్మీవారు అసలు బాప్తిస్మమే ఇవ్వరు. ఇక కతోలికులు జ్ఞానస్నానం (బాప్తిస్మాన్ని వారు పిలిచే పేరు) అవసరమని అందరికంటే గట్టిగా చెబుతూనే, తలుపు కూడా అందరికంటే విశాలంగా తెరిచి ఉంచారు. ప్రాణం పోయే స్థితిలో గురువు దొరకకపోతే, సంఘం చేసేది చేయాలన్న ఉద్దేశంతో ఎవరైనా నీళ్లు పోసి త్రిత్వనామం పలకవచ్చు. జ్ఞానస్నానం కోరుకుని అది అందకుండా చనిపోయినవారి కోరికనే వారు జ్ఞానస్నానంగా ఎంచుతారు. దేవుడు రక్షణను ఈ సంస్కారానికి ముడివేశాడు గాని తాను మాత్రం తన సంస్కారాలకు బందీ కాడని 1992 నాటి వారి సత్యోపదేశ గ్రంథం చెబుతుంది. నేను కతోలికుణ్ణి కాను, అయినా ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఒంగోలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1876-78 మధ్య వచ్చిన కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని చూపించాడు. బోధకులు ఆ కాలువ గట్టునే వాక్యం చెప్పారు. ఎందరో బాప్తిస్మం అడిగారు. గింజల కోసం చేరారన్న మాట రాకూడదని, అన్నాన్నీ నీళ్లనూ కలపకూడదని, క్లౌ సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మా ఇళ్లలో ఈ అంకె చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. నేను ఆలోచించేది మాత్రం ఆ పదిహేను నెలల గురించి. అడిగిన తరువాత, ఆ రోజు రాకముందే, ఆకలికో కలరాకో పోయినవారు కొందరైనా ఉండి ఉండరా? నీళ్లు లేకపోతే నరకమే అని నమ్మిన మనిషి ఎవడూ అన్ని నెలలు ఆగలేడు. క్లౌ ఆగగలిగాడంటే, గట్టు మీద నమ్మినవాడు గట్టు మీదే దేవుని చేతిలో ఉన్నాడని నమ్మాడు కాబట్టే. ఆ నమ్మకపు వారసులమైన మేము, మంచం మీద నమ్మిన ఒక స్త్రీని సమాధుల తోట గేటు దగ్గర నాలుగు గంటలు ఆపాము. ఇది నాకు మింగుడుపడలేదు.

నీళ్లు పోయడం మన విశ్వాసంలో లేదన్న మాటను కూడా నేను వెతికి చూశాను. తొలి శతాబ్దాల క్రైస్తవుల చిన్న గ్రంథం "దిదాఖే", పారే నీళ్లలో బాప్తిస్మమివ్వమని, అవి లేకపోతే వేరే నీళ్లలోనని, ఆ నీళ్లు కూడా చాలకపోతే తలమీద మూడుసార్లు పోయమని చెబుతుంది. మూడో శతాబ్దంలో కార్తేజు బిషప్పు సిప్రియన్, మంచాన పడినవారికి నీళ్లు పోసి ఇచ్చిన బాప్తిస్మం ఏ విధంగానూ తక్కువది కాదని వాదించాడు. ముంచడమే పూర్తి గుర్తు అని నేను ఇప్పటికీ నమ్ముతాను. క్రీస్తుతో పాతిపెట్టబడి లేపబడటాన్ని రోమా పత్రిక వర్ణించిన తీరుకు అది సరిగ్గా సరిపోతుంది. కాని గుర్తు పూర్తిగా ఉండాలన్న పట్టుదలతో చనిపోయే మనిషికి అసలు గుర్తే లేకుండా చేయడం ఏ పత్రికలోనూ నాకు కనబడలేదు.

392లో రోమా చక్రవర్తి రెండవ వాలెంటీనియన్ ఇరవయ్యేళ్లు దాటీ దాటకముందే చనిపోయాడు. బాప్తిస్మం కోసం మిలాను బిషప్పు అయిన అంబ్రోసును రమ్మని కబురు పంపాడు గాని, ఆయన చేరేలోపే ప్రాణం పోయింది. దుఃఖపడుతున్న అతని చెల్లెళ్ల ఎదుట అంబ్రోసు చేసిన సమాధి ప్రసంగపు సారం ఏమిటంటే, అతడు కోరుకున్నాడు, అడిగాడు, అడిగాడు కనుక పొందాడు. బాప్తిస్మాన్ని తేలికగా చూసే మనిషి కాదు అంబ్రోసు. ఆ మాట మా అక్కకు చదివి వినిపించినప్పుడు ఆమె చాలాసేపు ఏడ్చింది.

మన రాష్ట్రాలలో బాప్తిస్మం ఆలస్యం కావడానికి ఇంకొక కారణం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ్యం స్వీకరించిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. అతణ్ణి బీసీ-సీ జాబితాలో చేరుస్తారు. సంఘపు పుస్తకంలో పేరు ఎక్కితే పిల్లల చదువూ ఉద్యోగమూ ఏమవుతాయోనన్న భయంతో గట్టు మీదే ఆగిపోయిన విశ్వాసులు నాకు తెలిసినంతలోనే చాలామంది ఉన్నారు. వారిని పిరికివారని నిందించడం తేలిక. ఆజ్ఞ ఆజ్ఞే, దాన్ని తీసివేసే హక్కు నాకు లేదు. చేతనైనవాడు తప్పించుకోకూడదనే నా అభిప్రాయం. కాని భయపడి ఆగినవానికీ తృణీకరించినవానికీ తేడా మనకే కనబడుతున్నప్పుడు దేవునికి కనబడదా?

అందుచేత నేను వచ్చిన చోటు ఇది. నమ్మినవానికి బాప్తిస్మం ఐచ్ఛికం కాదు, అది ప్రభువు ఆజ్ఞ. రక్షణ మాత్రం క్రీస్తు చేసినదాని మీద నిలుస్తుంది, మనం చేసే ఏ కార్యం మీదా కాదు. అడిగినవారికి ఇవ్వకుండా ఆలస్యం చేసిన సంఘం, పోయినవారి రక్షణ మీద తీర్పు చెప్పకూడదు. తన ఆలస్యానికి తానే జవాబు చెప్పుకోవాలి. ఈ మాట మా పెద్దల కూడికలో కూడా చెప్పాను. కొందరు ఒప్పుకోలేదు. కాపరి మాత్రం, ఇకమీదట అటువంటి స్థితిలో ఎవరైనా అడిగితే మంచం దగ్గరికి నీళ్లు తీసుకువెళతానన్నారు.

పోయిన నెలలో అక్క ఫోన్ చేసింది. కొరింథీయుల మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలో "మృతులకొరకై బాప్తిస్మము పొందువారు" అన్న మాట ఆమె కంటబడిందట. "తమ్ముడూ, నాకెలాగూ బాప్తిస్మం అయింది. అమ్మ పేరున ఇంకోసారి నీళ్లలో దిగితే అమ్మకు చెందుతుందా?" అని అడిగింది. పౌలు అక్కడ పునరుత్థానాన్ని రుజువు చేస్తూ, ఎవరో చేస్తున్న పనిని ఉదాహరణగా ఎత్తి చూపాడే తప్ప మనల్ని అలా చేయమనలేదని చెప్పాను. అవసరం లేదక్కా అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, వచ్చే బల్ల ఆదివారం నాడు అమ్మ కూర్చునే చివరి వరుసలోనే కూర్చుంటానని చెప్పింది.